పాత ఇల్లు కొంటున్నారా? బయానాకు ముందే తట్టి చూడండి

పాత ఇళ్ల కొనుగోలు మీద ఉమ్మడి నల్లగొండ, పాలమూరు జిల్లాల పాఠకులు పంపిన ప్రశ్నల్లో కొన్నిటికి ఈసారి జవాబులు ఇస్తున్నాం. ఒకే రకం ప్రశ్నలను కలిపేశాం. సమాధానాలు మా సివిల్, ఎలక్ట్రికల్ నిపుణులవి.

ప్రశ్న: 1990ల్లో కట్టిన రెండంతస్తుల ఇల్లు చూసినం. మొన్ననే రంగులు వేయించిన్రు. బ్యాంకు వాల్యూయర్ వచ్చి చూసి లోన్‌కు సరే అన్నడు. ఇంక వేరే ఇంజినీరుతోని చూపించుడు అవసరమా? అవసరమైతే ఎవర్ని పిలవాలె?
*– ఒక పాఠకుడు, నల్లగొండ*

అవసరమే. వాల్యూయర్ వచ్చింది బ్యాంకు పని మీద. రేపు మీరు కిస్తీలు కట్టకపోతే ఈ ఇల్లు అమ్మి బాకీ రాబట్టుకోవచ్చా అన్నది ఆయన లెక్క. స్థలం ధర, కట్టిన చదరపు అడుగులు, ఇంటి వయసు, ఇంకా ఎన్నేళ్లు నిలుస్తుందన్న అంచనా రాసుకుని వెళ్తాడు. స్లాబును సుత్తితో కొట్టి చూడడు, స్విచ్ బోర్డు విప్పడు. పట్టణంలో పాత ఇంటి ధరలో పెద్ద వాటా స్థలానిదే కాబట్టి, కట్టడంలో లోపాలున్నా లోన్ వచ్చేయవచ్చు. లోన్ వచ్చిందంటే ఇల్లు బాగున్నట్టు కాదు.

మన దగ్గర ఇళ్ల తనిఖీకంటూ ప్రత్యేక లైసెన్సుతో చేసే వృత్తి లేదు. అందుకే విడివిడిగా పిలుచుకోవాలి. స్లాబు, పిల్లర్లు, గోడలకు స్ట్రక్చరల్ ఇంజినీరు కావాలి. ప్లాన్లు గీసి మున్సిపాలిటీలో పర్మిషన్ తెచ్చేవారందరూ ఈ పని చేయరు, ముందే అడగండి. కరెంటుకు ఒక ఎలక్ట్రీషియన్, నీళ్లకు ఒక ప్లంబర్. అనుభవమున్న మేస్త్రీ కంటికి చాలా లోపాలు ఇట్టే కనబడతాయి, తీసుకెళ్లండి. కానీ రిపేరు పని తనకే వస్తుందనుకున్న మేస్త్రీ చిన్నదాన్ని పెద్దది చేసి చెప్పవచ్చు. బ్రోకరు తెచ్చిన ఇంజినీరు మాత్రం అసలే వద్దు. ఫీజు ముందే మాట్లాడుకోండి, ఇంటి ధరలో ఇంత శాతమని కాదు. ఫొటోలతో సహా రాతపూర్వకంగా రిపోర్టు అడగండి. బేరానికి నోటిమాట పనికిరాదు.

చూడ్డానికి మంచి సమయం గట్టి వాన పడిన మర్నాడు. వానాకాలం దాకా ఆగలేకపోతే మిద్దె మీద నీళ్లు వదిలి చూడాలి. నీళ్లు బయటికి పోయే రంధ్రాలు మూసి, ఆర్‌సీసీ స్లాబు మీద రెండు అంగుళాల నీళ్లు 24 గంటలు నిలబెట్టి కింద గదుల్లో చూడండి. చదరపు మీటరుకు 50 కిలోల బరువు పడుతుంది కాబట్టి పెచ్చులూడుతున్న స్లాబుకు ఈ పరీక్ష వద్దు. అక్కడ పైపుతో తడిపితే చాలు.

కొత్త రంగు చూస్తే అనుమానించాల్సిందే, అయితే రంగు వేసేవాళ్ల చెయ్యి పోని చోట్లు ప్రతి ఇంట్లో ఉంటాయి. అటకల లోపలి గోడలు, మెట్ల కింది గూడు, మీటర్ బోర్డు వెనక, నీళ్ల ట్యాంకు కింది భాగం, బయటి సజ్జల అడుగు. ముందు అవి చూడండి. తర్వాత గదిలో లైట్లార్పి టార్చిలైటును గోడకు ఆనించి పక్కవాటుగా వేయండి. లప్పం పెట్టి కప్పిన పగుళ్లు, కొత్తగా పూసిన అతుకులు గీతల్లా తేలతాయి. ఒకే గదిలో ఒక్క గోడకే కొత్త రంగు ఉంటే ఆ గోడ అవతల ఏముందో చూడండి. చాలాసార్లు బాత్రూమే ఉంటుంది.

ఇదంతా బయానా ఇవ్వకముందే జరగాలి. తప్పనిసరై ముందే ఇవ్వాల్సి వస్తే తక్కువ మొత్తం ఇచ్చి, అగ్రిమెంటులో ఒక షరతు రాయించండి. ఇన్ని రోజుల్లోగా ఇంజినీరుతో చూపించుకుంటాం, కట్టడంలో పెద్ద లోపం తేలితే బయానా మొత్తం వాపసు అని. ఆ షరతుకు ఒప్పుకోని అమ్మకందారు చాలా విషయం చెప్పేసినట్టే.

ప్రశ్న: 28 ఏళ్ల ఇల్లు. బాత్రూం కప్పు, బయటి సజ్జలు పెచ్చులూడి సలాకలు కనపడుతున్నయి. రిజిస్ట్రేషన్ లోపల ప్లాస్టర్ చేయించి ఇస్తమంటున్నరు. ఒప్పుకోవచ్చునా?
*– ఒక పాఠకురాలు, మిర్యాలగూడ*

ప్లాస్టర్ చేయించి ఇస్తామంటే వద్దనండి. ఉన్నది ఉన్నట్టు వదిలేయమనండి. పూశాక లోపల ఏముందో ఎవరికీ కనపడదు.

పెచ్చులు ఎందుకు ఊడతాయో తెలిస్తే మిగతాదంతా అర్థమవుతుంది. కొత్త కాంక్రీటులో క్షారం ఎక్కువ, పీహెచ్ 12 నుంచి 13 దాకా ఉంటుంది. ఆ క్షారమున్నంత కాలం లోపలి ఇనుముకు తుప్పు పట్టదు. గాలిలోని కార్బన్ డయాక్సైడు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి చొచ్చుకుపోతూ క్షారాన్ని తగ్గిస్తుంది, దీన్నే కార్బనేషన్ అంటారు. సలాక చుట్టూ పీహెచ్ 9 కిందికి దిగిందంటే రక్షణ పోయినట్టే. ఆ మీద తడి తగిలితే తుప్పు మొదలు. తుప్పుకు కావలసిన చోటు అసలు ఇనుముకన్నా రెండు రెట్లకు పైనే. ఆ ఉబ్బుకు కింది కాంక్రీటు పగిలి పెచ్చుగా రాలుతుంది. బాత్రూము, వంటిల్లు, సజ్జలు ముందు పోవడానికి కారణం అక్కడి తడి.

ఇంకో కారణం కవరు. స్లాబు అడుగున సలాకకు కనీసం 20 ఎంఎం, పిల్లరుకు 40 ఎంఎం కాంక్రీటు కప్పి ఉండాలని కాంక్రీటు కట్టడాలకు దేశమంతా పాటించే ఐఎస్ 456 కోడ్ చెబుతుంది. పాత ఇళ్లలో చాలాచోట్ల కవర్ బ్లాకులు వాడలేదు. సలాకల కింద కంకర రాళ్లు పెట్టి పోశారు. జనం తొక్కేసరికి రాళ్లు పక్కకు జరిగి సలాకలు సెంట్రింగ్ రేకుకే ఆనుకున్నాయి. అటువంటి స్లాబులో కాంక్రీటు ఎంత గట్టిదైనా ఇనుముకు అండ దొరకదు.

కనిపిస్తున్న ఆ రెండు చోట్లతో ఆగకుండా ఇల్లంతా తట్టించండి. పావుకిలో సుత్తితో కింది నుంచి కప్పుకు అడుగుకొక దెబ్బ. గట్టిగా ఉన్నచోట ఠంగుమంటుంది, లోపల పొర విడిపోయిన చోట డొల్లగా మోగుతుంది. డొల్ల చోట్ల చుట్టూ సుద్దతో గీయండి. తల మీద పెచ్చులు పడవచ్చు, హెల్మెట్ లేకుండా ఈ పనికి దిగవద్దు. గీతలన్నీ పూర్తయ్యాక గది మధ్య నిలబడి చూస్తే లెక్క తేలుతుంది. బాత్రూం మీద, సజ్జల్లో మాత్రమే ఉండి గదుల కప్పులు ఠంగుమంటే రిపేరయ్యే ఇల్లే, ఖర్చు ధరలో తగ్గించుకోండి. గదుల కప్పుల్లో మూడో వంతు డొల్లగా ఉన్నా, బీముల అడుగున సలాక వెంబడి పొడవాటి చీలిక ఉన్నా, పిల్లరు మూలలు చీలినా ఆ కట్టడానికి విలువ కట్టకండి. స్థలం ధరకు వస్తే సరే, లేదంటే వదిలేయండి. సాగర్ ఎడమ కాలువ ఆయకట్టులో వరి పొలాల పక్క ఇళ్లకు నేలలో చెమ్మ ఎక్కువ. పిల్లర్లను నేల నుంచి మూడడుగుల ఎత్తు దాకా విడిగా తట్టించండి.

తర్వాత సలాక మందం. తుప్పు గీకేసి వెర్నియర్‌తో కొలవాలి. 8 ఎంఎం సలాక 7 ఎంఎంకు దిగిందంటే ఒక్క ఎంఎమ్మే కదా అనిపిస్తుంది, కానీ దాని అడ్డుకోత వైశాల్యంలో 23 శాతం పోయింది. నష్టం 20 శాతం దాటితే పక్కన కొత్త సలాక కట్టాల్సిందే.

అనుమానం మిగిలితే పరీక్షలున్నాయి. చవకైనది ఫినాఫ్తలీన్. అప్పుడే కొట్టిన కాంక్రీటు ముఖం మీద చల్లితే క్షారం బతికున్న చోట గులాబీ రంగు వస్తుంది, చచ్చిన చోట రంగు రాదు. రంగు రాని పొర సలాక దాకా వచ్చిందా లేదా అన్నదే ప్రశ్న. రీబౌండ్ హ్యామర్ అందరూ తెచ్చేదే. అది పైపొర గట్టిదనాన్ని మాత్రమే చూస్తుంది. పాత కాంక్రీటు పైపొర కార్బనేషన్ వల్ల మరింత గట్టిపడుతుంది కాబట్టి రీడింగు ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది. దాని ఒక్కదాన్ని నమ్మి కొనవద్దు. అల్ట్రాసోనిక్ పరీక్షలో కాంక్రీటు గుండా పోయే ధ్వని తరంగాల వేగం సెకనుకు 3.5 కిలోమీటర్ల పైన ఉంటే కాంక్రీటు బాగున్నట్టు, 3 కిందికి వస్తే లోపల బోలుతనమో పగుళ్లో ఉన్నట్టు అనుమానించాలి. సలాకకు తుప్పు నడుస్తున్నదా అని చూసే హాఫ్ సెల్ పరీక్షలో కాపర్ సల్ఫేట్ ఎలక్ట్రోడుతో మైనస్ 350 మిల్లీవోల్టులు దాటి ఇంకా కిందికి వెళ్తే అక్కడ తుప్పు నడుస్తున్నదని దాదాపు ఖాయం. ఈ పరికరాలు హైదరాబాదు టెస్టింగ్ ల్యాబుల దగ్గర, కొన్ని ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లో ఉంటాయి.

రిపేరు సరిగ్గా చేయాలంటే సలాక వెనక 20 ఎంఎం దాకా పాత కాంక్రీటు కొట్టేయాలి. తుప్పు పూర్తిగా పోయి ఇనుము తెల్లగా తేలేదాకా గీకి, తుప్పునిరోధక పూత పూసి, అవసరమైన చోట కొత్త సలాక కట్టి, పాలిమర్ కలిపిన మోర్టారు పొరలుపొరలుగా ఎక్కించి, తడిపి ఉంచాలి. తడి ఎక్కడి నుంచి వస్తున్నదో ముందు దాన్ని ఆపాలి. ఇవేవీ లేకుండా సిమెంటు పూస్తే వెనక తుప్పు ఆగదు, ఒకట్రెండు వానాకాలాల్లో అదే చోట మళ్లీ ఊడుతుంది.

సజ్జల మాట వచ్చింది కాబట్టి బాల్కనీ సంగతి కూడా. ముందుకు పొడుచుకొచ్చిన బాల్కనీలో బలమిచ్చే సలాకలు పైభాగంలో ఉండాలి. పోసేటప్పుడు తొక్కితే అవి కిందికి దిగిపోతాయి. అడుగు నున్నగా ఉన్నా ప్రమాదం పైన ఉంటుంది. గోడకు ఆనుకుని గచ్చు మీద పొడవునా పగులుందా, అంచు కిందికి వాలిందా లెవెల్ ట్యూబుతో చూడండి. రెండూ ఉంటే ఎవరినీ దాని మీద నిలబడనివ్వకండి.

ప్రశ్న: రాతి గోడలు, గర్డర్ల మీద బండల కప్పు. ఇల్లు సల్లగుంటది, నచ్చింది. కొని మీద ఒక అంతస్తు వేసుకోవచ్చునా?
*– ఒక పాఠకుడు, వనపర్తి*

వేసుకోలేరు. పది అడుగులకు పది అడుగుల గది మీద 5 అంగుళాల స్లాబు బరువు దాదాపు 3 టన్నులు. పదడుగుల పొడవు, పదడుగుల ఎత్తున్న 9 అంగుళాల ఇటుక గోడ ఒక్కొక్కటి ఇంకో 4 టన్నులు. మట్టితో కట్టిన రాతి గోడ, రెండు మూడడుగుల లోతు పునాది ఈ బరువు కోసం కట్టినవి కావు. పైన అంతస్తు కావాలంటే బయటి నుంచి విడిగా పిల్లర్లు లేపాలి, లేదా పడగొట్టి కట్టాలి. అటువంటప్పుడు మీరు కొంటున్నది స్థలం. బేరం ఆ లెక్కన చేయండి.

ఉన్నది ఉన్నట్టు ఉంచుకుని కాపురముండాలనుకుంటే మాత్రం బండల ఇల్లు మంచిదే. చూడాల్సినవి వేరు.

బండ వంగదు, విరుగుతుంది. ముందు సూచన ఇవ్వకుండా విరుగుతుంది. కాబట్టి లోపలి నుంచి ఒక్కో బండనూ టార్చితో చూడండి. అడ్డంగా సన్నటి గీత కనిపించినా ఆ బండ మార్చాల్సిందే. పక్కపక్క బండలు ఒకే వరుసలో విరిగి ఉంటే పైన బరువు ఎక్కువైందని అర్థం. ఇక్కడే అసలు గుట్టు ఉంది. కప్పు కారినప్పుడల్లా మీద ఇంకో పొర మట్టో, కంకర సిమెంటో వేస్తూ పోతారు. పాతది తీసే పని ఎవరూ పెట్టుకోరు. మిద్దె ఎక్కి నీళ్లు పోయే తూము దగ్గర పొరల మందం కొలవండి. అడుగు మందం మట్టి ఉంటే చదరపు మీటరుకు 500 కిలోలు, అంటే మనుషులు భుజాలు రాసుకుని నిలబడ్డంత బరువు ఎప్పటికీ దిగకుండా ఉన్నట్టు.

గర్డర్ల మధ్య భాగం కన్నా గోడలోకి దిగిన కొనలు ముఖ్యం, చెమ్మ అక్కడ చేరుతుంది. కొన దగ్గర గోడను కొంచెం తవ్వనివ్వమని అడగండి. పొరలు పొరలుగా తుప్పు లేస్తుంటే కష్టం. రెండు కొనలకూ దారం లాగి పట్టి మధ్యలో వంపు కొలవండి. పదడుగుల గర్డరుకు అర అంగుళం దాటితే బరువు దించాలి. దూలాలు కొయ్యవైతే కొనలకు స్క్రూడ్రైవర్ గుచ్చి చూడండి, సులువుగా దిగకూడదు.

గోడ కోసం దారానికి గుండు కట్టి పై నుంచి వేలాడదీయండి. పాత రాతి గోడ లోపల ఒక వరుస, బయట ఒక వరుస, నడుమ చిల్లపెంకులు, మట్టి. రెండు వరుసలనూ కలిపి పట్టే పొడవాటి రాళ్లు తక్కువైతే కాలక్రమంలో బయటి వరుస కడుపులా ఉబ్బుతుంది. పదడుగుల ఎత్తులో అంగుళానికి మించి ఉబ్బు ఉంటే ఆ గోడ విప్పి కట్టాల్సిందే.

మట్టి, సున్నం గోడ మీద ఇటీవల సిమెంటు ప్లాస్టర్ చేసి ఉంటే అందంగా కనిపిస్తుంది, కానీ మేలు కాదు. నేల నుంచి పైకెక్కే చెమ్మ సున్నం పూత గుండా ఆరిపోయేది. సిమెంటు దాన్ని లోపలే బంధిస్తుంది. మట్టి నానుతుంది, ప్లాస్టర్ పొరగా విడిపోతుంది. నేలకు అడుగున్నర ఎత్తులో తట్టి చూడండి. డొల్లగా మోగితే ఊడదీసి మళ్లీ సున్నంతో పూయించాలి. డంగు సున్నం తెలిసిన పనివాళ్లు ఇప్పుడు తక్కువ, వాళ్లను చూసుకున్నాకే పని మొదలుపెట్టండి.

ప్రశ్న: గోడలకు బీటలున్నయి. 'సిమెంటు గోడన్నంక బీటలు ఉండయా' అంటున్నడు అమ్మేటాయన. ఏ బీటకు భయపడాలె?
*– ఒక పాఠకుడు, మక్తల్*

ఆయన మాటలో సగం నిజం ఉంది. వెంట్రుకవాసి మందంతో, వలలాగా అల్లుకున్న గీతలు ప్లాస్టర్‌వే. పిల్లరుకు, ఇటుక గోడకు మధ్య నిలువుగా వచ్చే గీత రెండు వేర్వేరు వస్తువులు కలిసేచోట వచ్చేది, మెష్ వేసి పూస్తే పోతుంది. పై అంతస్తులో స్లాబు కిందే, గోడ పొడవునా అడ్డంగా వచ్చేది ఎండకు స్లాబు సాగి ముడుచుకోవడం వల్ల. పాలమూరు ఎండల్లో ఇది లేని మిద్దె ఇల్లు అరుదు. మిద్దె మీద వేడి తగ్గించే పూత వేస్తే నెమ్మదిస్తుంది.

భయపడాల్సింది ఏటవాలు బీటలకు. కిటికీ, దర్వాజ మూలల నుంచి మెట్లు మెట్లుగా, ఒక కొన సన్నగా ఇంకో కొన వెడల్పుగా పోయే బీట పునాది ఒకవైపు కదిలిందని చెబుతుంది. మీ వైపు నల్లరేగడి ఉన్న చోట ఇది మామూలు. రేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలిచ్చి కుంగుతుంది. తక్కువ లోతు పునాది దానితోపాటే లేచి దిగుతుంది. అందుకే ఎండాకాలంలో వెడల్పయి వానాకాలంలో మూసుకునే బీట ఉన్న ఇంటికి అడుగున రేగడి ఉందనుకోవచ్చు. ఎర్ర చెలక నేలల్లో ఈ బాధ తక్కువ.

వెడల్పు కొలిచి రాసుకోండి. ఒక ఎంఎం లోపు సన్నది, రెండు దాటితే వెడల్పాటిది. బీట గోడకు రెండువైపులా ఒకేచోట ఉందా, గచ్చులోకి కూడా దిగిందా చూడండి. కదలిక ఆగిందో లేదో తెలియాలంటే బీట మీద అడ్డంగా సన్నటి గాజు పలకను రెండు కొనలా సిమెంటుతో అతికించి తేదీ రాయండి. బీట కదిలితే గాజు పగులుతుంది. దీనికి కనీసం ఒక రుతువు మారాలి. అంత ఆగే బేరం కాకపోతే పునాది పక్కన రెండడుగుల వెడల్పు గుంత తవ్వించి నేల రకం, పునాది లోతు చూడ్డం ఒక్కటే దారి. ఒక్క రోజు పని. చూశాక మట్టి గట్టిగా కొట్టి పూడ్చండి, నీళ్లు దిగకూడదు.

ఇంటి చుట్టూ కూడా ఒకసారి తిరగండి. గోడకు ఆనుకుని మోరి పగిలి నీళ్లు ఇంకుతున్నా, వేప, రావి లాంటి పెద్ద చెట్టు ఉన్నా బీటకు కారణం అక్కడే దొరకవచ్చు.

ప్రశ్న: పాత వైరింగ్ ఉన్నట్టే ఉంచితే నడుస్తదా?
*– ఒక పాఠకుడు, జడ్చర్ల*

చెక్క పట్టీల మీద క్లిప్పులతో కొట్టిన వైరింగ్, అల్యూమినియం తీగలు, పింగాణీ ఫ్యూజులు ఉంటే నడవదు. తీసేయాల్సిందే, ఆ ఖర్చు ధరలో మినహాయించండి. అల్యూమినియం తీగ బిగించిన చోట కాలంతోపాటు వదులై వేడెక్కుతుంది. సాకెట్ చుట్టూ గోధుమ రంగు మచ్చ అదే.

రాగి తీగలతో గోడలోపలి పైపుల్లో ఉంటే ఇవి చూపించండి. లైట్లకు 1.5, పవర్ సాకెట్లకు 2.5, గీజరుకు, ఏసీకి 4 చదరపు ఎంఎం తీగ ఉందా. 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ కొలిచే మీటరు) ఇన్సులేషన్ ఒక మెగోమ్‌కు తగ్గకుండా ఉందా. ఎర్తింగ్ అసలు ఉందా. మూడు రంధ్రాల సాకెట్ ఉన్నంత మాత్రాన ఎర్త్ ఉన్నట్టు కాదు, పాత ఇళ్లలో పై రంధ్రానికి తీగే ఉండదు. ఎలక్ట్రీషియన్ ఫేజుకు, ఎర్త్‌కు మధ్య బల్బు పెట్టి చూస్తే నిండుగా వెలగాలి. ఎర్త్ నిరోధం 5 ఓమ్‌ల లోపుంటే మంచిది. ఎర్రనేల, రాతి నేలల్లో ఎండాకాలంలో అది పెరిగిపోతుంది, గుంత ఎక్కడుందో అడిగి నీళ్లు పోసే వీలుందా చూసుకోండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) లేకపోతే కొన్న మొదటి వారంలోనే పెట్టించండి. పెట్టగానే అది పదేపదే పడిపోతుంటే పాత వైరింగ్‌లో ఎక్కడో లీకేజీ ఉన్నట్టు. పడిపోతున్నదని తీసేయవద్దు.

ప్రశ్న: ఇంట్ల బోరుంది, భగీరథ నల్లా కూడా ఉంది. నీళ్ల పరీక్ష చేయించాల్నా?
*– ఒక పాఠకురాలు, మర్రిగూడ*

మీ ప్రాంతంలో అడగాల్సిన ప్రశ్న. తాగే నీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా ఉండవచ్చు, వేరే నీరు దొరకని చోట 1.5 దాకా. మర్రిగూడ, మునుగోడు వైపు బోర్లలో అది మించి ఉండడం కొత్త సంగతి కాదు. కాబట్టి తాగడానికి, వండడానికి మిషన్ భగీరథ (ప్రభుత్వ తాగునీటి పథకం) నీళ్లే అనుకుని, ఆ నల్లా నిజంగా వస్తున్నదా, ఎన్ని రోజులకోసారి, ఎంత సేపు అన్నది పక్కింటివాళ్లను అడగండి. మరిగిస్తే ఫ్లోరైడ్ పోదు, నీరు ఆవిరై ఇంకా చిక్కబడుతుంది. స్నానానికి, బట్టలకు బోరు నీళ్లతో ఇబ్బంది లేదు.

బోరు నీళ్లు మోటారు పదిహేను నిమిషాలు నడిచాక, అవే నీళ్లతో కడిగిన ప్లాస్టిక్ సీసాలో లీటరు పట్టించి ఇవ్వండి. ఫ్లోరైడ్, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాలు), గట్టిదనం, నైట్రేట్ నాలుగూ అడగండి. నైట్రేట్ 45 మిల్లీగ్రాములు దాటితే సెప్టిక్ ట్యాంకు నీరు కలుస్తున్నదేమో చూడాలి. బోరుకు, సెప్టిక్ ట్యాంకుకు మధ్య కనీసం 15 మీటర్ల దూరం ఉండాలి, 150 గజాల ప్లాట్లలో అది కుదరడం కష్టం. పక్కింటి ట్యాంకు గోడ అవతలే ఉంటే అది కూడా లెక్కలోకి వస్తుంది.

టీడీఎస్, గట్టిదనం ఎక్కువున్న నీళ్లకు పాత జీఐ (జింకు పూత ఇనుప) పైపులు లోపల పూడుకుపోతాయి. పై అంతస్తులో రెండు నల్లాలు ఒకేసారి తిప్పండి. ధార సగానికి పడిపోతే పైపులు మార్చాలి, అవి గోడలో ఉంటే టైల్స్ కూడా పోతాయి. సంపుకు రాత్రి నీటిమట్టం గీసి, పొద్దున చూస్తే లీకు తెలిసిపోతుంది.

ప్రశ్న: చెరువుకు దగ్గరున్న గ్రామకంఠం ఇల్లు. కాగితాలల్ల ఏం చూడాలె?
*– ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్*

గ్రామకంఠం (ఊళ్లో ఇళ్ల కోసం ఉన్న పాత నివాస స్థలం) ఇళ్లకు తరచూ పాత లింకు డాక్యుమెంట్లు ఉండవు. ఇంటి పన్ను రసీదులు, పంచాయతీ లేదా మున్సిపల్ అసెస్‌మెంటులో పేరు, కరెంటు మీటరు పేరు, వారసుల సంతకాలు ఒకదానికొకటి సరిపోవాలి. ఈసీ (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్ల వివరాలు చూపే పత్రం) 30 ఏళ్లకు తీయించండి. కాగితంలో ఉన్న గజాలు నేల మీద టేపుతో కొలిస్తే వస్తున్నాయా చూడండి. తగ్గిన గజాలకు డబ్బు కట్టకండి.

చెరువు విషయంలో దూరం కాదు, హద్దు ముఖ్యం. రాష్ట్ర భవన నిబంధనల ప్రకారం 10 హెక్టార్లు, అంతకు పైబడిన చెరువుకు ఎఫ్‌టీఎల్ గీత (చెరువు పూర్తిగా నిండినప్పుడు నీళ్లు చేరే హద్దు) నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటకు 9 మీటర్ల లోపల కట్టకూడదు. శిఖం భూమిలో (చెరువు నీళ్లు నిలిచే భూమి) కట్టిన ఇల్లయితే ఎంత బాగున్నా వద్దు. ఇరిగేషన్, రెవెన్యూ ఆఫీసుల్లో ఎఫ్‌టీఎల్ మ్యాపు అడగండి. అలంపూర్ వైపు నదీతీర ఊళ్లలో కొనేవాళ్లు 2009 అక్టోబరు వరదకు నీళ్లు ఎక్కడిదాకా వచ్చాయో ఊరివాళ్లను అడిగి, ఆ గీత ఇంటి గచ్చుకు పైనా కిందా తేల్చుకోవాలి.

కరెంటు బాకీ కూడా చూసుకోండి. పాత యజమాని బాకీ కట్టేదాకా కొత్త కనెక్షన్ ఇవ్వననే హక్కు డిస్కంలకు (కరెంటు పంపిణీ సంస్థలు) నిబంధనల ప్రకారం ఉందని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. సర్వీస్ నంబరుతో బాకీ ఎంతో చూసి, రిజిస్ట్రేషన్ రోజుకల్లా కట్టించండి.

ప్రశ్న: దర్వాజలకు చెదలు పట్టింది. మిగిలినదంతా బాగుంది. వదిలెయ్యాల్నా?
*– ఒక పాఠకురాలు, దేవరకొండ*

దర్వాజలకు మాత్రమే అయితే వదిలేయనక్కర్లేదు. అయితే మాత్రమేనా అన్నది తేల్చాలి. చౌకట్లను నేల దగ్గర స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి, బోలుగా మోగితే లోపల తినేసింది. గోడ అలమర్ల వెనక, స్విచ్ బోర్డుల లోపల, అటక మీద మట్టి గొట్టాలు వెతకండి. గొట్టం విరిచి రెండు రోజుల తర్వాత చూస్తే, చెదలు బతికుంటే మళ్లీ కట్టుకుంటాయి. కొయ్య దూలాల కప్పుకు ఎక్కి ఉంటే మాత్రం లెక్క మారుతుంది. దూలాలు మార్చే ఖర్చు అడగండి.

మందు పని పెస్ట్ కంట్రోల్ లైసెన్సు ఉన్నవాళ్లకే ఇవ్వండి. గచ్చు, గోడ కలిసేచోట అడుగుకొకటి చొప్పున 12 ఎంఎం రంధ్రాలు వేసి, ఒక్కో దానిలో లీటరు మందునీళ్లు పోయాలి. క్లోర్‌పైరిఫాస్ 20 ఈసీ అయితే లీటరు మందుకు 19 లీటర్ల నీళ్లు. చాలామంది రంధ్రాల దూరం పెంచి, మందు పలుచన చేసి పని తగ్గిస్తారు. దగ్గర నిలబడి లెక్కపెట్టుకోండి. బోరు, సంపు ఉన్న వైపు గోడ వెంబడి మందు పోయనివ్వకండి. మందు పోసిన గదుల్లోకి నేల ఆరేదాకా పిల్లల్ని రానివ్వవద్దు.